టార్గెట్ మార్చుకుంటే ఓడిపోయినట్టేనా?

అరకిలో_ఆశ (#1)

పద్నాలుగు నెలల కిందట 92 కిలోలతో మొదలుపెట్టాను. టార్గెట్ 70. ఎత్తు 168 సెంటీమీటర్లు. మొదటి ఎనిమిది నెలల్లో 83కి వచ్చాను. అప్పుడు నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు, కనిపించిన ప్రతివాడికీ పాఠాలు చెప్పాను. తర్వాత బండి మెల్లగా నడిచి 81 దగ్గర ఆగింది. మూడున్నర నెలలుగా అక్కడే. 80.6, 81.3, 80.9, 81.4. ఫోన్లో గ్రాఫ్ చూస్తే వెల్లకిలా పడుకున్న మనిషిలా ఉంది.

నిన్న రాత్రి పదకొండున్నరకి యాప్ తెరిచి 70 చెరిపేసి 78 అని కొట్టాను. ఒక్క నిమిషం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండో నిమిషంలో సిగ్గేసింది. పరీక్ష ఫెయిలై, పాస్ మార్కులు నేనే తగ్గించుకున్నట్టు. మళ్ళీ 70 పెట్టేసి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

నేను అడిగేది ఇదే. టార్గెట్ మార్చుకోవడం తెలివా, తప్పించుకోవడమా? రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? డైట్ చార్టులు మాత్రం వద్దు. అవి నా దగ్గర పదిహేను ఉన్నాయి.

గురితప్పనివాడు (#2)

తప్పించుకోవడమే. సందేహం ఎందుకు? సిగ్గేసిందని మీరే రాశారు కదా, మీ మనసుకి జవాబు తెలుసు. ఇవాళ 78 అంటారు, ఆర్నెల్లకి 80 అంటారు, ఆ తర్వాత 'బరువుదేముందండీ, మనశ్శాంతి ముఖ్యం' అని ఇక్కడే పెద్ద వ్యాసం రాస్తారు. అలాంటివాళ్ళని చాలామందిని చూశాను. బాణం పడ్డచోట సున్నా చుట్టి గురి కొట్టానంటే ఎవరు నమ్ముతారు?

చిలిపిచీమ (#3)

టార్గెట్ 81 అని పెట్టండి. యాప్ వెంటనే రంగుకాగితాలు చల్లి అభినందనలు చెబుతుంది. స్క్రీన్ షాట్ తీసుకుని మళ్ళీ 70 చేసేయండి. అటు పండగా ఇటు పరువూ రెండూ దక్కుతాయి.

పాతచెప్పులు (#4)

మార్చాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పండి. ఆ 70 ఎక్కడినుంచి వచ్చింది? ఎవరిచ్చారు?

అరకిలో_ఆశ (#5)

@పాతచెప్పులు ఎవరూ ఇవ్వలేదండీ. రౌండ్ ఫిగర్ కదా అని పెట్టుకున్నా. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క ఉంది కదా, ఆ బీఎంఐ కూడా 25 లోపు, అంటే మామూలు బరువు గీత లోపు వస్తుంది.

@చిలిపిచీమ నిజం చెప్పనా, ఒకసారి అది కూడా చేశాను.

లెక్కలమాస్టారు (#6)

168కి 70 అంటే బీఎంఐ 24.8. అంటే గీత దాటీ దాటగానే ఆగే అంకె ఎంచుకున్నారన్నమాట. ఆ సూత్రాన్ని 1830లలో బెల్జియం దేశస్థుడు కెట్లే తయారుచేశాడు. ఆయన డాక్టరు కాదు, జనాభా లెక్కలు చూసే గణితజ్ఞుడు. ఒక మనిషి ఎంత బరువుండాలో చెప్పడం ఆయన ఉద్దేశం కానే కాదు. దానికి బీఎంఐ అన్న పేరు స్థిరపడింది 1972లో, ఆన్సెల్ కీస్ వాళ్ళ వ్యాసంతో. జనసమూహాలని పోల్చడానికి పనికొస్తుందనే వాళ్ళు కూడా చెప్పారు. 25.1 ఉన్నవాడు రోగి, 24.9 ఉన్నవాడు ఆరోగ్యవంతుడు అని శరీరం ఎక్కడా రాసిపెట్టుకోదు.

ఇంకో లెక్క కూడా చూడండి. 92 నుంచి 81 అంటే మీరు 12 శాతం తగ్గారు. అమెరికాలో షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 3,234 మందితో చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది, ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో జీవనశైలి మార్చుకునే బృందానికి పెట్టిన గురి 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. సగటున వాళ్ళు తగ్గింది 5.6 కిలోలే. అయినా వాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మీ 92లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. అది మీరు ఎప్పుడో దాటేశారు. మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అరకిలో_ఆశ (#7)

ఇది చదివి సంతోషించాలి కదా మాస్టారూ. ఎందుకో సంతోషం రావట్లేదు. 'పర్వాలేదులే నాన్నా, పాసయ్యావుగా' అన్నట్టుంది.

గురితప్పనివాడు (#8)

ఎందుకు రావట్లేదంటే, అది మీరు కోరుకున్నది కాదు కాబట్టి. ఓదార్పు వేరు, గెలుపు వేరు.

అధ్యయనాలంటున్నారు కదా, నేనూ ఒకటి చెబుతా. ఎడ్విన్ లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968 నుంచి ఇదే పని మీద ఉన్నాడు. స్పష్టమైన, కష్టమైన గురి పెట్టుకున్నవాళ్ళు 'చేతనైనంత చేద్దాం' అనుకున్నవాళ్ళకంటే బాగా చేస్తారని తేల్చాడు. ఉద్యోగంలో టార్గెట్లు ఇచ్చే ప్రతి మేనేజరూ ఆయన పేరు చెప్పే ఇస్తాడు. గురి తగ్గితే ప్రయత్నమూ తగ్గుతుంది.

చిలిపిచీమ (#9)

మేనేజర్ని తలచుకోగానే నాకు ఆకలేస్తోంది.

మనసుబడి (#10)

సైకాలజీ చదువుకున్నాను, క్లినిక్ నడపను. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

@గురితప్పనివాడు లాక్ గురించి మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. కష్టమైన గురి పనిచేయాలంటే ఆ మనిషికి చేయగల శక్తి ఉండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉండాలి, ఎంతవరకు వచ్చాడో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి అని ఆయన షరతులు కూడా పెట్టాడు. పైగా ఆయన ప్రయోగాల్లో చాలావరకు చేసే పని మీద పెట్టిన గురులే. బరువు మనం చేసే పని కాదు. చేసిన పనులకి శరీరం ఇచ్చే జవాబు. ఆ జవాబు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి తప్పుగా కూడా వస్తుంది. ఒంట్లో దాచుకునే ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో (తిన్నదాంట్లోంచి ఒళ్ళు నిల్వచేసుకునే చక్కెర) దాదాపు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. రాత్రి కాస్త ఎక్కువ తింటే పొద్దున ఒక కిలో పెరిగినట్టు కనబడుతుంది. అది కొవ్వు కాదు.

1997లో గ్యారీ ఫోస్టర్ బృందం 60 మంది మహిళలని చికిత్స మొదలుపెట్టక ముందే అడిగింది: మీ కల బరువెంత, ఎంతైతే సరిపెట్టుకుంటారు, ఎంతైతే నిరాశపడతారు? వాళ్ళు పెట్టుకున్న గురి సగటున ఉన్న బరువులో 32 శాతం తగ్గడం. 48 వారాల తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. పదహారు! దాదాపు సగం మందికి (47 శాతం) అది తాము ముందే 'నిరాశ' అని రాసుకున్న గీత దగ్గరికి కూడా చేరలేదు. ఒంటికి ఎంతో మేలు జరిగింది, లెక్కల్లో మాత్రం ఓడిపోయారు. అరకిలో గారికి #7లో సంతోషం రాకపోవడం అదే.

అయితే నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. పెద్ద గురి పెట్టుకుంటే నిరాశతో తక్కువ తగ్గుతారు అన్న మాటని 2013లో వచ్చిన ఒక ప్రసిద్ధ సమీక్ష అపోహల జాబితాలో పెట్టింది. పెద్ద గురి వల్ల నష్టం ఉన్నట్టు వాళ్ళకి ఆధారం కనబడలేదు. కాబట్టి 'మొదటే చిన్నది పెట్టుకోవాల్సింది' అని నేను అనను.

గురితప్పనివాడు (#11)

అంటే నేను చెప్పిందే కరెక్టు అన్నమాట.

మనసుబడి (#12)

మొదలుపెట్టేటప్పుడు కరెక్టు. ఆయన ఉన్నది పద్నాలుగో నెలలో.

రెండోసారి (#13)

పేరు చూస్తేనే నా కథ అర్థమై ఉంటుంది. మొదటిసారి 95 నుంచి 76కి వచ్చాను. టార్గెట్ 68. గురితప్పని గారిలాగే నేనూ పంతం మనిషిని. 76 దగ్గర ఐదు నెలలు ఆగిపోయాను. అందరూ 'చాలు, ఇక్కడే నిలబెట్టుకో' అన్నారు. వినలేదు. తిండి ఇంకా కోశాను, నడక రెట్టింపు చేశాను. ఒకరోజు జ్వరం వచ్చింది, వారం నడవలేదు, 77.5 చూపించింది. ఆ పొద్దున తూకం మిషన్ని మంచం కిందకి తోసేశాను. మళ్ళీ తీసింది పదకొండు నెలల తర్వాత. 91.

టార్గెట్ మాత్రం ఆఖరిదాకా 68 దగ్గరే ఉంది. ఒక్క కిలో మార్చలేదు. ఆ మాట మీద నిలబడ్డాను, మిగతావన్నీ పోయాయి.

అరకిలో_ఆశ (#14)

మంచం కింద. నాది బీరువా పక్కన ఉంది. ఈ నెలలో రెండుసార్లు అటు తోయబోయి ఆగాను.

మనసుబడి (#15)

@రెండోసారి మీకు జరిగింది చాలా పాత సంగతి, దాని మీద పరిశోధన కూడా పాతదే. 1975లో హర్మన్, మాక్ అనేవాళ్ళు కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి మార్కులు వేయమన్నారు. డైటింగ్‌లో లేనివాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. కడుపు నిండింది కదా. డైటింగ్‌లో ఉన్నవాళ్ళు తాగాక ఎక్కువ తిన్నారు! ఇవాళ్టికి ఎలాగూ చెడింది, ఇక ఎంత తింటే ఏంటి అని. హర్మన్, ఆయన సహచరి జానెట్ పొలివీ దీనికి పెట్టిన పేరు మన భాషలో 'పోతే పోనీ' అనొచ్చు.

గురి గోడలా ఉంటే ఇదే సమస్య. ఇటుంటే గెలుపు, అటుంటే ఓటమి. 77.5 మీకు కిలోన్నరలా కనబడలేదు, అవతలి పక్కలా కనబడింది.

చిలిపిచీమ (#16)

'పోతే పోనీ' అని నా హ్యాండిల్ మార్చుకుంటా. ఎవరైనా తీసుకున్నారా?

వానకోయిల (#17)

అందరూ టార్గెట్ తగ్గించుకోవడం గురించే మాట్లాడుతున్నారు. పెంచుకోవడం గురించి ఎవరూ అడగరు. ఎందుకంటే దానికి చప్పట్లు కొడతారు.

నా మొదటి టార్గెట్ 58. చేరాను. చేరిన రోజు ఏం జరుగుతుందో అనుకున్నాను. ఏమీ జరగలేదు. మామూలు మంగళవారం. అద్దంలో అదే నేను. సాయంత్రానికల్లా 55 పెట్టుకున్నాను. అది చేరిన పూట ఇంకా తక్కువసేపు సంతోషం, ఒక గంటేమో. తర్వాత 52. నేను మార్చిన ప్రతిసారీ ఎవరూ 'ఎందుకు?' అనలేదు. 'అబ్బ, ఏం పట్టుదల!' అన్నారు. జుట్టు కుచ్చులుగా ఊడింది. నెలసరి నాలుగు నెలలు ఆగిపోయింది. మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: 52 తర్వాత ఎంత అనుకున్నావమ్మా? నా దగ్గర జవాబు రెడీగా ఉంది. 50. అది నా నోటితో నేను చెబుతుంటే విని నాకే భయమేసింది.

ఇప్పుడు 59. ఏడాదిన్నర పట్టింది ఆ ఒక్క కిలో మీద కోపం పోవడానికి. గురి మార్చకపోవడం గొప్ప అనేవాళ్ళూ, మార్చడం తప్పు అనేవాళ్ళూ నా 55ని చూసి ఏమంటారో తెలుసుకోవాలనుంది.

గురితప్పనివాడు (#18)

మీది వేరే సంగతి అండీ. అది అనారోగ్యం.

వానకోయిల (#19)

కిందపడ్డాక అనారోగ్యం అయింది. అంతకు ముందు రోజుదాకా పట్టుదలే.

పాతచెప్పులు (#20)

ఈ ఒక్క ముక్కకి నేను లేచి నిలబడ్డాను తల్లీ.

నిద్రలేని_గూబ (#21)

నైట్ షిఫ్ట్ మనిషిని కాబట్టి నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది, మీరెవరూ పట్టించుకోలేదు. #1 మళ్ళీ చదవండి. 'రాత్రి పదకొండున్నరకి'. బ్రో, రాత్రి పదకొండున్నరకి ఎవడైనా ఏ నిర్ణయమైనా తీసుకుంటాడా? ఆ టైముకి నేను ఉద్యోగం మానేద్దామనుకున్న రోజులు నలభై ఉంటాయి. పొద్దున్నే బుద్ధిగా షిఫ్టు ముగించి పడుకున్నా.

రెండోసారి గారు మిషన్ తోసేసింది అంకె చూసిన నిమిషంలో. వానకోయిల గారు 55 పెట్టింది 58 చేరిన సాయంత్రం. నువ్వు 78 పెట్టింది అర్ధరాత్రి. ముగ్గురూ మార్చింది మనసు మండుతున్నప్పుడో పొంగుతున్నప్పుడో. నా మట్టుకు నాకు తేడా అక్కడే ఉంది. ఎంతకి మార్చావు అన్నది కాదు, ఎప్పుడు మార్చావు అన్నది.

నా పద్ధతి: టార్గెట్ ముట్టుకునేది నెలలో మొదటి ఆదివారం, నిద్ర లేచి రెండు గంటలయ్యాక, ఆ రోజు మిషన్ ఎక్కకుండా. మిగతా 29 రోజులు ఎంత ఏడుపొచ్చినా అది రాతిమీద గీత. మార్చాలనిపిస్తే కాగితం మీద రాసి పెట్టుకుంటా. ఆదివారం చూస్తే సగం కాగితాలు నవ్వొస్తాయి.

లెక్కలమాస్టారు (#22)

ఈ వేదికలో చేరి నాలుగేళ్ళయింది. నాకు పనికొచ్చిన పోస్టు గూబది మొదటిది.

నిద్రలేని_గూబ (#23)

స్క్రీన్ షాట్ తీశా.

గురితప్పనివాడు (#24)

బాగానే ఉంది. కానీ నెలనెలా ఆదివారం వస్తుంది. పన్నెండు ఆదివారాల్లో పన్నెండు సార్లు కొంచెం కొంచెం జరపొచ్చు కదా? ప్రశాంతంగా తీసుకున్నంత మాత్రాన తప్పుడు నిర్ణయం ఒప్పయిపోదు. చల్లగా, కాఫీ తాగుతూ కూడా మనిషి తనని తాను మోసం చేసుకోగలడు.

నిద్రలేని_గూబ (#25)

ఇది ఒప్పుకోవాలి. అందుకే నేను ఒక కారణం కూడా రాస్తా. 'కష్టంగా ఉంది' కారణం కాదు. 'మోకాలు నొప్పి వల్ల పరుగు వద్దన్నారు' కారణం. మొదలుపెట్టినప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు కొత్తగా ఏం తెలిసింది? ఏమీ తెలియకపోతే మార్చను.

పరిశీలకుడు (#26)

రోజుకి 600 కేలరీల పథకం రాసిన పోస్టు ఒకటి తీసేశాం. డాక్టరు పర్యవేక్షణ లేకుండా అలాంటివి ఎవరికీ సలహా ఇవ్వొద్దు, మీకు పనిచేసినా సరే. చర్చ కొనసాగించండి.

చిలిపిచీమ (#27)

600తో నాకు టైపు చేయడానికి కూడా ఓపిక ఉండదు.

లెక్కలమాస్టారు (#28)

'కొత్తగా ఏం తెలిసింది' అని గూబ అడిగాడు కాబట్టి అరకిలో గారికి తెలియాల్సింది ఒకటి చెబుతాను.

కిలో కొవ్వుకి 7,700 కేలరీలు అని అందరం బట్టీ పట్టాం. 1958లో విష్నోఫ్స్కీ అనే డాక్టరు ఇచ్చిన లెక్క. పౌనుకి 3,500 అన్నది అదే. రోజూ 240 కేలరీలు తగ్గిస్తే ఆ లెక్కన ఏడాదికి 11 కిలోలు పోవాలి. రెండో ఏడు ఇంకో 11. అలా ఎనిమిదేళ్ళయ్యేసరికి 92 కిలోల మనిషి గాల్లో కలిసిపోవాలి! ఎక్కడుంది తప్పు? ఒళ్ళు తగ్గేకొద్దీ దానికి కావలసిన ఇంధనమూ తగ్గుతుంది. తేలికైన బండికి పెట్రోలు తక్కువ పడుతుంది కదా.

కెవిన్ హాల్ బృందం 2011లో దీన్ని సరిచేసింది. రోజుకి సుమారు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగానికి ఏడాది, దాదాపు మొత్తానికి మూడేళ్ళు. అంటే అదే 240కి మొత్తం పది కిలోలు, మొదటి ఏడు ఐదు. తర్వాత నెమ్మదించి ఆగుతుంది. ఆగడం మీ తప్పు కాదు, లెక్క అక్కడికి సమం అయింది. దానికి తోడు, నెలలు గడిచేకొద్దీ ఆకలి పెరుగుతుంది, మనకి తెలియకుండానే పళ్ళెంలో నాలుగు మెతుకులు ఎక్కువ పడతాయి. ఇది అందరికీ జరిగేదే.

కాబట్టి ప్రశ్న 'ఇంకా పట్టుదల ఉందా' అని కాదు. 70 కిలోల మనిషి తినే తిండితో ఎప్పటికీ, అంటే యాభయ్యో ఏడూ అరవయ్యో ఏడూ కూడా బతకగలరా? బతకగలిగితే 70 ఉంచండి. మూడు నెలలు మాత్రమే తినగలిగిన తిండితో వచ్చిన బరువు మూడు నెలలే ఉంటుంది.

అరకిలో_ఆశ (#29)

మాస్టారూ, ఈ మాట పద్నాలుగు నెలల కిందట చెప్పి ఉంటే నేను మొదలే పెట్టేవాణ్ణి కాదు.

లెక్కలమాస్టారు (#30)

అందుకే అప్పుడు చెప్పలేదు. (నిజానికి అప్పుడు మీరెవరో తెలియదు.)

పాతచెప్పులు (#31)

నా సంగతి. యాభై ఏడేళ్ళు. మూడేళ్ళ కిందట కిలోలని వదిలేసి మెట్లు పెట్టుకున్నాను టార్గెట్‌గా. ఐదంతస్తులు ఆగకుండా, ఆయాసపడకుండా ఎక్కాలి. అంకె మన చేతిలో లేదు, మెట్లు మన చేతిలో ఉన్నాయి అని అందరికీ గొప్పగా చెప్పాను. పనిచేసింది కూడా. ఏడు నెలల్లో ఎక్కాను.

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ కొన్నాళ్ళకి మెట్లు ఇంకో తూకం మిషనై కూర్చున్నాయి. ఒకరోజు మూడో అంతస్తు దగ్గర ఆగితే ఆ రోజంతా ముఖం మాడ్చుకున్నాను. టైము చూడటం మొదలైంది. నిన్న 94 సెకన్లు, ఇవాళ 99. మా ఆవిడ 'మీకు టార్గెట్ కాదు కావలసింది, తిట్టుకోవడానికి ఒక వంక' అంది. ఆవిడ ఈ వేదికలో లేదు, లేకపోతే నా పరువు ఇంకా పోయేది.

అందుకే మొదట అడిగాను, 70 ఎవరిచ్చారని. రౌండ్ ఫిగర్ కోసం మూడున్నర నెలలు ఎవరూ నిద్ర పాడుచేసుకోరు, అరకిలో గారూ.

మనసుబడి (#32)

కార్‌స్టెన్ వ్రోష్ అనే ఆయన 2003లో తన సహచరులతో కలిసి అందని గురులని వదులుకోవడం మీద రాశాడు. వదులుకోగలిగినవాళ్ళ మనసు కుదుటగా ఉందని తేలింది. అయితే వదలడం ఒక చెయ్యి, ఇంకో అర్థమున్న పనిని పట్టుకోవడం రెండో చెయ్యి. ఖాళీ చేతులతో ఉండటం కష్టం. పాతచెప్పులు గారు ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నారు, కానీ తిట్టుకునే అలవాటు రెండో చేతిలోకి కూడా వచ్చేసింది.

@రెండోసారి లాంటివాళ్ళకి ఒక చిన్న ఉపాయం. 2017లో షరీఫ్, షూ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయత్నించారు. వారంలో ఏడు రోజులూ చేయాలన్న కష్టమైన గురి ఉంచి, అత్యవసరానికి వాడుకోవడానికి రెండు రోజులు విడిగా ఇచ్చారు. సులువుగా వారానికి ఐదు రోజులే అని చెప్పినవాళ్ళకంటే వీళ్ళు బాగా చేశారు. లెక్కకి రెండూ ఒకటే! కానీ ఒక రోజు తప్పినా ఆట ముగిసిపోలేదు, పైగా ఆ రెండు రోజులూ ఊరికే ఖర్చుపెట్టబుద్ధి కాదు.

రెండోసారి (#33)

జ్వరం వచ్చిన వారానికి నా దగ్గర అలాంటి రెండు రోజులు ఉండి ఉంటే బాగుండేది. ఇప్పుడు 84. ఈసారి టార్గెట్ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

అరకిలో_ఆశ (#34)

పాతచెప్పులు గారి చివరి వాక్యం చదివి రెండు రోజులు ఇటు రాలేదు.

సరే. 70 మా తమ్ముడి బరువు.

నాకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరిదీ ఒకే ఎత్తు. చిన్నప్పటి నుంచి వాడు పుల్ల, నేను డ్రమ్ము. వాడి చొక్కాలు నాకు ఎప్పుడూ పట్టలేదు, అన్నయ్య బట్టలు తమ్ముడికి వెళ్ళడం ఎక్కడైనా చూస్తాం, మా ఇంట్లో నా చొక్కాలో వాడు రెండుసార్లు దూరేవాడు. వాడు ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. చేసుంటే బాగుండేది, కోపమైనా వచ్చేది. ఒకసారి మాటల్లో 'నేను 70 అన్నయ్యా, ఏం తిన్నా పెరగను' అన్నాడు. అంతే. బీఎంఐ అదీ తర్వాత వెతుక్కున్న సాకు.

ఇంకా నవ్వొచ్చే సంగతి. నిన్న ఫోన్ చేసి అడిగాను, ఇప్పుడెంత ఉన్నావురా అని. 76 అట. ఎప్పుడో పెరిగాడట, పట్టించుకోలేదట. నేను మూడున్నర నెలలుగా లేని మనిషితో పోటీపడుతున్నాను.

చిలిపిచీమ (#35)

ఆరు కిలోలు ఏమీ చేయకుండా గెలిచారు. ఇంకో రెండేళ్ళు ఆగితే వాడే మీ దగ్గరికి వస్తాడు.

వానకోయిల (#36)

నా 58 మా క్లాస్‌మేట్‌ది. పదేళ్ళ తర్వాత ఇవాళే ఒప్పుకుంటున్నా, అదీ మీ ధైర్యం చూసి.

లెక్కలమాస్టారు (#37)

గూబ అడిగిన 'కొత్తగా తెలిసింది' అంటే ఇదేనేమో. నా 24.8 లెక్కంతా దండగ.

గురితప్పనివాడు (#38)

సరే, నాదీ చెప్పేస్తా, లేకపోతే మీరంతా నన్నే విలన్‌ని చేస్తారు. నా టార్గెట్ 72. ఆరేళ్ళుగా మార్చలేదు. ఇప్పుడు 77. ఆరేళ్ళుగా 76, 77, 78 మధ్యే ఉన్నాను. చేరలేదు. కానీ మొదలుపెట్టినప్పుడు 89, దానికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ 72 నన్ను పైకి పోనీకుండా తాడులా పట్టుకుంది. అందుకే మార్చొద్దంటాను. పుస్తకం చదివి చెప్పిన మాట కాదు.

మనసుబడి (#39)

12 కిలోలు తగ్గి ఆరేళ్ళు నిలబెట్టుకోవడం మామూలు విషయం కాదండీ. బరువు తగ్గేవాళ్ళు ఎందరో, నిలబెట్టుకునేవాళ్ళు కొందరే. అంటే మీ అసలు గురి 77, మీరు ఆరేళ్ళుగా గెలుస్తూనే ఉన్నారు.

గురితప్పనివాడు (#40)

దయచేసి అలా అనొద్దు. గెలిచానని నాకు తెలిసిన మర్నాడు 82 అవుతాను.

పాతచెప్పులు (#41)

హహ. ఈయన్ని ఇలాగే వదిలేయండి. కొందరికి గురి చేరుకోవడానికి కాదు, కట్టేసుకోవడానికి.

నిద్రలేని_గూబ (#42)

అరకిలో బ్రో, మొదటి ఆదివారం దాటిపోయింది. ఏం చేశావు? ఇరవై రోజులైంది.

అరకిలో_ఆశ (#43)

చేశాను. పొద్దున తొమ్మిదింటికి, మిషన్ ఎక్కకుండా, కాగితం మీద.

78 పెట్టలేదు. 78కీ 70కీ నాకు తేడా కనబడలేదు, రెండూ ఏదో ఒక రోజు నన్ను పొగడటానికి పెట్టుకున్న అంకెలే. ఆర్నెల్లపాటు తగ్గే పని మానేస్తున్నాను. 79కీ 82కీ మధ్య ఉంటే చాలు. రోజూ కాదు, వారానికి ఒకసారే ఎక్కుతాను. 82 దాటి మూడు వారాలు ఉంటే మళ్ళీ కూర్చుని ఆలోచిస్తాను. రాయడం తేలికైంది గానీ, మొదటి వారం ఏదో దొంగతనం చేసినట్టే ఉంది. తగ్గడానికి అలవాటు పడ్డ మనిషికి ఊరికే ఉండటం చాలా కష్టం. ఆకలేస్తే తినడం, అది కూడా తప్పు చేసినట్టు కాకుండా తినడం కొత్తగా నేర్చుకోవాల్సి వస్తోంది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ తగ్గాలనిపిస్తే తగ్గుతాను, అనిపించకపోతే లేదు. అప్పుడు గురితప్పని గారు నన్ను తిట్టొచ్చు.

తమ్ముడికి ఈ కథంతా చెప్పాను. ఐదు నిమిషాలు నవ్వి, తర్వాత 'నేను కూడా తగ్గాలనుకుంటున్నా, నీ పాత చార్టులు పంపు' అన్నాడు. పదిహేనూ పంపేశాను.

ఒక్కటే సమస్య. యాప్‌లో టార్గెట్ ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోవట్లేదు. ఏదో ఒక అంకె ఇవ్వమంటోంది.

చిలిపిచీమ (#44)

మీ తమ్ముడి ఫోన్ నంబర్ ఇవ్వండి.

అరకిలో_ఆశ (#45)

ఇచ్చాను. మూడంకెల తర్వాత తీసుకోవట్లేదు.